ముప్పై రోజుల ఉద్దెర

 

ఈ స్మారకోపన్యాసం ఒక ప్రూఫ్ రీడరు పేరిట ఏర్పాటైంది. సభలో ఆయన పేరు పలికాం, ఆయన పటానికి పూలమాల వేశాం. అచ్చులో మాత్రం ఆ పేరు వేయవద్దని ఆయన శ్రీమతి కోరారు. మూడు దశాబ్దాలకు పైగా ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, చనిపోయినవారి ఇంటిపేర్లు ఒక్క అక్షరం తప్పిపోకుండా చూసిన మనిషి, తన పేరు అచ్చులో చూసుకోవాలని ఎన్నడూ అనుకోలేదట. ఆమె మాట మన్నించి ఈ ముద్రిత పాఠంలో ఆయన పేరు గానీ, ఆయన పనిచేసిన పత్రిక పేరు గానీ నేను వాడటం లేదు.

వారం కిందట ఆమె నాకొక పుస్తకం ఇచ్చారు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం. జనరల్ బజారులో దుకాణదారులు వాడే రకం. ప్రతి పుటలో స్కేలు పెట్టి గీసిన నాలుగు గళ్లున్నాయి: నెల, పనిచేసిన రోజులు, ముట్టినది, రావలసినది. తొలి ఏళ్లలో నాలుగో గడిలో ఒక చిన్న గీత తప్ప ఏమీ లేదు. తర్వాత అంకెలు మొదలవుతాయి. మొదట సగం జీతం, ఆపైన పూర్తి జీతం, ఆపైన మూడు నెలలవి కలిపి. చివరి పుటల్లో మూడో గడిలోని అంకెల పక్కన 'అడ్వాన్సు' అన్న మాట కనిపిస్తుంది. సంస్థ ఇచ్చిన చీటీలో అలాగే రాశారట. తనకు రావలసిన డబ్బులోంచే కొంత చేతిలో పెట్టి దాన్ని అడ్వాన్సు అన్నారు. ఆ మాట పక్కన, అంచులో, ఆయన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టారు. గ్యాలీ ప్రూఫులో తప్పు పదం పక్కన పెట్టే గుర్తు అది. ప్రతి నెలా పెట్టారు. చివరి పుట దాకా పెట్టారు.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గుర్తుకు వ్యాఖ్యానమే.

నెల జీతగాడు మొదట పని చేస్తాడు, తర్వాత జీతం పుచ్చుకుంటాడు. ఒకటో తారీకున మొదలుపెట్టిన పనికి ముప్పై రోజులు గడిస్తే గానీ పైకం చేతికి రాదు. అంటే ప్రతి ఉద్యోగీ ప్రతి నెలా తన యజమానికి ముప్పై రోజుల శ్రమను ఉద్దెర ఇస్తున్నాడు. కిరాణా కొట్టువాడు మనకిచ్చే ఉద్దెరకు పద్దు ఉంటుంది. బ్యాంకు ఇచ్చే అప్పుకు తాకట్టు ఉంటుంది, వడ్డీ ఉంటుంది. ఉద్యోగి ఇచ్చే ఉద్దెరకు ప్రామిసరీ నోటు కూడా లేదు. ఈ సంగతి 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చేసినవారికి తెలుసు. అందుకే నెల గడిచిన ఏడో రోజులోగా, వెయ్యి మందీ ఆపైన పనిచేసే చోట పదో రోజులోగా జీతం ఇచ్చి తీరాలని గడువు పెట్టారు. ఉద్దెర ముప్పై ఏడు రోజులు, పెద్ద చోట్ల నలభై రోజులు దాటకూడదని దాని అర్థం.

పత్రికకు మొట్టమొదటి రుణదాత దాని ఉద్యోగి అన్నది నా ప్రతిపాదన. కాగితం ఇచ్చేవాడికన్నా, సిరా ఇచ్చేవాడికన్నా, బ్యాంకుకన్నా ముందు అతడు అప్పిచ్చాడు. ఆ అప్పును అప్పుగా గుర్తించనంత కాలం పత్రికా స్వేచ్ఛ గురించి ఎంత గట్టిగా మాట్లాడినా ఆ స్వేచ్ఛకు కాళ్లు లేవు. మన తెలుగు పత్రికల చరిత్రను ఈ ఒక్క లెక్క పట్టుకుని మొదటినుంచీ మళ్లీ చదవమని కోరుతున్నాను.

ఈ మాట సికింద్రాబాద్‌లో చెప్పడం సబబు. ఈ ఊరు దండుతో, రైలుతో పెరిగింది. లాలాగూడ వర్క్‌షాపులో, ప్రాగా టూల్స్‌లో, రైల్వే ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లు ఈ వీధుల్లోనే సంఘాలు కట్టారు. నిజాం రాజ్యంలో 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడినప్పుడు మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటివారు తిరిగింది ఈ కార్మికవాడల్లోనే. 1974 మే నెలలో దేశమంతా రైళ్లు ఆగినప్పుడు దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన ఈ ఊరు ఇరవై రోజులు ఊపిరి బిగబట్టింది. అంత గట్టి కార్మిక సంప్రదాయం ఉన్న ఊళ్లో, ఆ సమ్మెలన్నిటినీ రాసిన పాత్రికేయుడు తన జీతం గురించి నోరు విప్పడానికి సంకోచించాడు. ఎందుకన్నది మనం అడగవలసిన ప్రశ్న.

జవాబు కోసం వెనక్కి వెళ్లాలి. మన తొలి పత్రికలు వ్యాపారం కోసం పుట్టలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మీద వచ్చిన రాబడిని ఆంధ్రపత్రికలో పోశారు. అది 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ఏ లాభం చూసి నడపలేదు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రాసినందుకు నరికి చంపారు. ఇటువంటి మనుషులు వేసిన పునాది అది. అక్కడ జీతం అడగడం అపచారంగా తోచేది. పత్రికలో పని ఒక సేవ, ఒక దీక్ష.

ఆ తరం త్యాగం ఇష్టపడి చేసింది. తర్వాతి తరం నుంచి అదే త్యాగాన్ని వసూలు చేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చింది, ప్రకటనలు వచ్చాయి, రోటరీ యంత్రాలు వచ్చాయి, పత్రిక పరిశ్రమ అయింది. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఇంకా దీక్షగానే మిగిలింది. ఆ సంగతిని తెర తొలగించి చూపింది 1952లో ఏర్పడిన మొదటి ప్రెస్ కమిషన్. జస్టిస్ రాజాధ్యక్ష దానికి అధ్యక్షులు. ఆచార్య నరేంద్ర దేవ్, జాకిర్ హుస్సేన్, వీకేఆర్వీ రావు వంటివారు సభ్యులు. వారి పక్కన కూర్చున్న పాత్రికేయుడు మన తెలుగువాడు, మానికొండ చలపతిరావు. నేషనల్ హెరాల్డ్ సంపాదకుడు. 1950లో ఢిల్లీలో ఏర్పడిన భారత శ్రమజీవి పాత్రికేయుల సమాఖ్యకు తొలి అధ్యక్షుడు. సంపాదకుడై ఉండి సంఘానికి నాయకత్వం వహించడం ఆనాటికి చిన్న సాహసం కాదు. సంపాదకీయం రాసే చెయ్యీ అక్షరాలు పేర్చే చెయ్యీ ఒకే పట్టికలో జీతానికి సంతకం చేస్తాయన్న ఎరుక ఆయనకు ఉంది. తెలుగులో ఆయన గురించి ఉండవలసినంత సాహిత్యం లేకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

కమిషన్ 1954లో నివేదిక ఇచ్చింది. 1955 డిసెంబరులో శ్రమజీవి పాత్రికేయుల చట్టం వచ్చింది. నాలుగు వారాలకు 144 గంటలకు మించి పని చేయించకూడదు. తొలగించాలంటే సంపాదకుడికి ఆరు నెలలు, మిగిలినవారికి మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. జీతాలు నిర్ణయించడానికి వేతన మండలి ఉండాలి. పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడికి ఇచ్చిన రక్షణ పాత్రికేయుడికీ వర్తించింది. దీక్ష అన్న మాటకు బదులు చట్టంలో ఉద్యోగం అన్న మాట వచ్చింది.

జస్టిస్ దివాటియా అధ్యక్షతన మొదటి వేతన మండలి 1957లో జీతాల రేట్లు ప్రకటించింది. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు 1958 మార్చి 19న వచ్చింది. పాత్రికేయులకు మంచి జీతం ఇవ్వమనడం పత్రికా స్వేచ్ఛకు భంగమన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. చట్టం ప్రధానంగా నిలిచింది. వేతన మండలి నిర్ణయాన్ని మాత్రం కొట్టేసింది. పరిశ్రమకు చెల్లించే శక్తి ఉందా లేదా అన్నది మండలి తగినట్టు పరిశీలించలేదన్నది కారణం. పార్లమెంటు అదే ఏడాది మరో చట్టం చేసి ఒక కమిటీ ద్వారా ఆ లోటు పూడ్చింది.

ఆ తీర్పులోని తర్కంతో నాకు పేచీ లేదు. నష్టంలో ఉన్న చిన్న పత్రికను పెద్ద పత్రికతో కట్టేయడం న్యాయం కాదు. కానీ 'చెల్లించే శక్తి' అన్న మాట ఆనాటినుంచి మన పరిశ్రమలో ఎక్కడ వినిపించిందో గమనించండి. కాగితం కొనేటప్పుడు వినిపించలేదు. కొత్త ఎడిషన్ పెట్టేటప్పుడు, కొత్త యంత్రం దిగుమతి చేసుకునేటప్పుడు, బ్యాంకులో అప్పు తెచ్చేటప్పుడు వినిపించలేదు. జీతం ఇవ్వవలసిన రోజున ఒక్కసారే వినిపించింది. అన్ని అప్పులూ అప్పులే అయినప్పుడు శక్తి ప్రశ్న ఒక్క అప్పు దగ్గరే ఎందుకు పుట్టాలి?

ఇక 1959. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ కథను మనం ఒక వైపునుంచే చెప్పుకుంటూ వచ్చాం. మద్రాసులో ఎక్స్‌ప్రెస్ సంస్థ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌ను, తమిళంలో దినమణిని, 1938లో మొదలైన ఆంధ్రప్రభను అచ్చు వేసేది. ఆంధ్రప్రభ ప్రచురణను విజయవాడకు తరలించే ఏర్పాట్లు మొదలయ్యాయి. మద్రాసులో పనిచేస్తున్నవారికి తమ ఉద్యోగాల గతి ఏమిటన్న భయం పట్టుకుంది. ఏప్రిల్ చివరి వారంలో సమ్మె జరిగింది. రెండు మూడు రోజుల్లో యాజమాన్యం మద్రాసు కార్యాలయాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటించింది. మూసివేతా, మూసివేత ముసుగులో లాకౌటా అన్న ప్రశ్న ట్రిబ్యునల్ దాటి, హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. 1962లో జస్టిస్ గజేంద్రగడ్కర్ ఇచ్చిన తీర్పు కార్మిక న్యాయంలో ఇప్పటికీ ఉదహరించేది: యజమాని 'మూసేశాను' అన్నంత మాత్రాన విచారణ ఆగిపోదు, ఆ మూత నిజమా నటనా అన్నది ట్రిబ్యునల్ తేల్చవచ్చు.

ఈ తరలింపును తెలుగు పత్రికా చరిత్ర గర్వంగా చెప్పుకుంటుంది. మద్రాసులో ఉన్న తెలుగు పత్రిక తెలుగు నేలకు వచ్చిందంటాం. అది నిజమే. 1942 నుంచి సంపాదకుడిగా ఉన్న నార్ల వెంకటేశ్వరరావుగారు అదే ఏడాది ఆంధ్రప్రభను వీడారు. 1960 జూలై 1న విజయవాడలో ఆంధ్రజ్యోతి వెలువడింది. అదీ గర్వకారణమే. కానీ మద్రాసు కంపోజింగు గదిలో తెలుగు అచ్చులను తడుముకుని గుర్తుపట్టగలిగిన కంపోజిటరు ఆ వేసవిలో ఏమయ్యాడు? తెలుగు అక్షరానికి ఒత్తులు, గుణింతాలు వేరువేరు ముక్కలుగా కేసులో ఉంటాయి. వాటి అరలు చేతివేళ్లకు గుర్తుండటానికి ఏళ్లు పడుతుంది. ఆ విద్య తెలిసినవాడికి తమిళ ప్రెస్సులో పని లేదు. మన చరిత్ర గ్రంథాల్లో సంపాదకుడి రాజీనామాకు అధ్యాయాలు ఉన్నాయి. ఆ మనిషికి ఒక్క వాక్యం లేదు. నేను పుట్టిన భాష పట్ల నాకున్న అభిమానమే ఈ లోటును ఎత్తి చూపమంటోంది.

ఆ తరువాతి నలభై ఏళ్లను వేగంగా దాటుతాను. షిందే, పాలేకర్, బచావత్, మణిసానా పేర్లతో వేతన నిర్ణయాలు వచ్చాయి. 1974 సవరణతో పాత్రికేయేతర సిబ్బందికీ వేతన మండలి రక్షణ దొరికింది. బచావత్ తర్వాత యాజమాన్యాలు రెగ్యులర్ ఉద్యోగాలు తగ్గించి కాంట్రాక్టు కాగితాలు తెచ్చాయి. జిల్లా అనుబంధాలు పెరిగేకొద్దీ మండలానికొక కంట్రిబ్యూటర్ పుట్టాడు. అతడికి జీతం లేదు, లైన్ అకౌంట్ ఉంది. అచ్చయిన పంక్తులు కొలిచి డబ్బులిస్తారు. ముప్పై రోజుల ఉద్దెర అతడి దగ్గర ఎన్ని నెలలకు తీరుతుందో చెప్పేవారు లేరు. ఈ నడుమనే 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. 1984లో దాసరి నారాయణరావుగారు ప్రారంభించిన 'ఉదయం' దినపత్రిక 1995లో మూతపడింది. 2000 చివర ఆంధ్రజ్యోతి మూతపడి, 2002 అక్టోబరు 15న ఆ పత్రికలోనే ఒకప్పుడు విలేకరిగా పనిచేసిన వేమూరి రాధాకృష్ణ యాజమాన్యంలో తిరిగి తెరుచుకుంది. మూతపడిన పత్రిక మళ్లీ లేవడం మన దగ్గర చాలా అరుదు.

ఇప్పుడు ఈ సభకు కూతవేటు దూరంలో ఉన్న సరోజినీదేవి రోడ్డుకు వస్తాను.

ఆ రోడ్డు మీదున్న దక్కన్ క్రానికల్ 1938 నుంచి ఈ ఊరి పత్రిక. దండు ఊరిలో ఇంగ్లీషు చదివే ఇళ్లన్నిటిలోనూ పొద్దున్నే కాఫీతో పాటు తలుపు దగ్గర పడి ఉండేది. దాని తోబుట్టువు ఆంధ్రభూమి 1960లో పుట్టింది. గోరాశాస్త్రిగారి సంపాదకీయాలు చదివి తెలుగు వచనం నేర్చుకున్నవారు ఈ సభలోనూ ఉన్నారు. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వస్తున్న రోజుల్లో పత్రిక కోసం దుకాణాల ముందు పాఠకులు నిలబడ్డారు. ఆ పుటలన్నిటి వెనుక పాత్రికేయులు, డీటీపీ ఆపరేటర్లు, యంత్రాల దగ్గర పనివారు, సర్క్యులేషన్ సిబ్బంది ఉన్నారు.

2004లో దక్కన్ క్రానికల్ సంస్థ వాటాలు ప్రజలకు విక్రయించింది. 2008లో ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టును 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొనుక్కుంది. 2009లో ఆ జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 2012లో సంస్థ అప్పుల కిస్తీలు కట్టలేని స్థితికి వచ్చింది. ఆ సెప్టెంబరులోనే క్రికెట్ బోర్డు జట్టు ఒప్పందాన్ని రద్దు చేసింది. 2017లో కెనరా బ్యాంకు దరఖాస్తు మీద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచి దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. బ్యాంకుల, ఇతర ఆర్థిక సంస్థల క్లెయిములు వేల కోట్లలో తేలాయి. 2019లో శ్రేయీ సంస్థకు చెందిన ట్రస్టు ఇచ్చిన పరిష్కార ప్రణాళికకు ట్రిబ్యునల్ ఆమోదం తెలిపింది. 2021 అక్టోబరులో ఆ శ్రేయీ సంస్థల బోర్డులనే రిజర్వు బ్యాంకు రద్దు చేసి, వాటినీ దివాలా ప్రక్రియకు పంపింది. పత్రికను గట్టెక్కిస్తానన్న చెయ్యే మునిగింది.

ఈ వరసలో ఆంధ్రభూమి ఎక్కడుంది? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దాని ముద్రణ ఆగింది. అది తాత్కాలికమే అనుకున్నారు. పత్రిక తిరిగి రాలేదు. దశాబ్దాలు పనిచేసిన ఉద్యోగులు బకాయిల కోసం, పత్రిక తెరవాలని ధర్నాలు చేశారు, కార్మిక శాఖ గడప తొక్కారు. 1959లో పుట్టి గజేంద్రగడ్కర్ ముందుకు వెళ్లిన ప్రశ్నే అరవై ఏళ్ల తర్వాత వాళ్ల ముందు నిలబడింది. ఇది మూతా, లాకౌటా, లేక లేఆఫా? పేరు తేలితే గానీ పరిహారం ఎంతో తేలదు. ఊళ్లో ఉన్న మిగతా పత్రికల్లో ఈ పోరాటం ఎన్ని అంగుళాల వార్త అయిందో ఆ ఆఫీసుల్లో పనిచేసే మీకు నేను చెప్పనక్కర్లేదు. పక్క మిల్లులో సమ్మె జరిగితే మొదటి పేజీలో పెట్టే మనం, పక్క పత్రికలో జరిగితే ఒక మూలన కూడా పెట్టలేకపోయాం. దానికి నేనూ బాధ్యుడినే. డెస్కులో ఉన్న రోజుల్లో అటువంటి వార్తలు నా చేతి మీదుగా బుట్టలోకి వెళ్లాయి.

దివాలా చట్టం ఉద్యోగిని ఎక్కడ కూర్చోబెట్టిందో చూడండి. 2016 నాటి ఆ చట్టంలో రుణదాతల కమిటీ ఉంటుంది. సంస్థ బతకాలా, అమ్మాలా, ఎవరికి అమ్మాలి అన్నవన్నీ ఆ కమిటీ ఓటుతో తేలుతాయి. ఆ ఓటు బ్యాంకులవంటి ఆర్థిక రుణదాతలది. ఉద్యోగి 'ఆపరేషనల్ క్రెడిటర్'. అతడికి ఓటు లేదు. అతని వర్గం బకాయిలు మొత్తం అప్పులో పది శాతానికి తగ్గకపోతే ఒక ప్రతినిధి వచ్చి కూర్చోవచ్చు, చెయ్యి ఎత్తడానికి లేదు. ప్రక్రియ మొదలైన రోజునుంచి మారటోరియం ఉంటుంది కాబట్టి బకాయిల కోసం వేసిన కేసులు కూడా నిలిచిపోతాయి. ఆస్తులు అమ్మి పంచే దశ వస్తే కార్మికుల ఇరవై నాలుగు నెలల బకాయికి తాకట్టు రుణదాతలతో సమాన స్థానం ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులను ఆ పంపకంలో కలపకూడదు. అది మంచి నిబంధనే. కానీ అది సంస్థ చచ్చాక వచ్చే హక్కు. సంస్థను బతికించే చర్చలో మొదటి రుణదాతకు కుర్చీ లేదు.

మరొక సంగతి. ఎవరైనా రుణదాత దివాలా దరఖాస్తు వేయాలంటే బకాయి కనీసం లక్ష రూపాయలు ఉండాలన్నది మొదటి నియమం. 2020 మార్చి 24న, దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించిన రోజునే, ఆ కనీస మొత్తాన్ని కోటి రూపాయలకు పెంచారు. చిన్న పరిశ్రమలను కాపాడటం ఉద్దేశం. ఫలితం మాత్రం జీతగాడికి ఇంకోలా తగిలింది. కోటి రూపాయల జీతం బకాయి ఉన్న సబ్ ఎడిటరు ఈ దేశంలో ఎక్కడున్నాడు? ఒంటరి ఉద్యోగికి ఆ తలుపు ఆ రోజుతో మూసుకుపోయింది.

మూసుకుపోని తలుపు ఒకటుంది. 2019 ఏప్రిల్ 30న జేకే జూట్ మిల్ మజ్దూర్ మోర్చా కేసులో సుప్రీంకోర్టు, సభ్యుల తరఫున కార్మిక సంఘమే ఒక రుణదాతగా దరఖాస్తు వేయవచ్చని చెప్పింది. విడివిడిగా లక్షల్లో ఉన్న బకాయిలు సంఘం చేతిలో కోట్లవుతాయి. సంఘం అన్న మాటకు దివాలా చట్టంలోనే ఇంత బలం ఉండగా మన సంఘాలు ఏం చేస్తున్నాయి?

ఇక్కడ నా సొంత ఇంటి మీద మాట్లాడక తప్పదు. గత ముప్పై ఏళ్లలో మన పాత్రికేయ సంఘాల కరపత్రాలు తీసి చూడండి. అక్రెడిటేషన్ కార్డులు, బస్సు పాసులు, హెల్త్ కార్డులు, ఇళ్ల స్థలాలు. ఇవన్నీ ప్రభుత్వాన్ని అడిగేవి. యజమానిని అడగవలసిన జీతం, గ్రాట్యుటీ, వేతన మండలి అమలు కింది పంక్తుల్లోకి జారాయి. యజమాని తీర్చని అప్పును మనం ప్రభుత్వం దగ్గర రాబట్టుకోవాలని చూశాం. ప్రభుత్వం నుంచి స్థలం కోరేవాడు ప్రభుత్వాన్ని ఎంత గట్టిగా నిలదీయగలడు? 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు హైదరాబాద్ నగర పరిధిలో పాత్రికేయులు, న్యాయమూర్తులు, ప్రజాప్రతినిధుల సొసైటీలకు రాయితీ ధరకు భూమి కేటాయించిన ఉత్తర్వులను కొట్టేసింది. అద్దె ఇళ్లలో బతికిన ఎందరో సహచరులకు అది గుండెకోత అని నాకు తెలుసు. వాళ్ల దుఃఖాన్ని నేను తక్కువ చేయను. అయినా అంటున్నాను: నెల నెలా జీతం సక్రమంగా వచ్చి ఉంటే, రిటైరైన రోజున గ్రాట్యుటీ చేతిలో పడి ఉంటే, ఆ స్థలం కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూడవలసిన అగత్యం చాలామందికి ఉండేది కాదు.

మజీఠియా వేతన మండలి సంగతి మీ అందరికీ అనుభవమే. దాని సిఫార్సులను 2011 నవంబరు 11న కేంద్రం నోటిఫై చేసింది. 2014 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు సమర్థించి, బకాయిలను ఏడాదిలో నాలుగు వాయిదాల్లో తీర్చమంది. ఎన్నో చోట్ల ఉద్యోగుల చేత అందులోని '20జె' నిబంధన కింద సంతకాలు పెట్టించుకున్నారు, పాత జీతమే చాలునని. 2017 జూన్ 19న కోర్టు ఆ నిబంధనను అడ్డం పెట్టుకుని తక్కువ జీతం ఇవ్వడం కుదరదని, కాంట్రాక్టు ఉద్యోగులకూ మజీఠియా వర్తిస్తుందని తేల్చింది. ధిక్కార నేరం మాత్రం రుజువు కాలేదంది. బకాయి వసూలు కోసం ఉద్యోగి మళ్లీ కార్మిక శాఖకు, లేబర్ కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. గెలిచిన తీర్పు చేతిలో పట్టుకుని కౌంటర్ల ముందు నిలబడ్డాడు.

యాజమాన్యాల ఇబ్బందులను నేను కాదనను. కాగితం ధర డాలరుతో పెరుగుతుంది. ప్రకటనలు ఫోన్లోకి వెళ్లాయి. పత్రిక అమ్మకపు ధర దాని ఖర్చులో సగానికి కూడా రాదు. ఈ కష్టాలు నిజం. నా వాదన ఒక్కటే. కష్టకాలంలో అప్పుల వరస రాసుకున్నప్పుడు మొదట రాయవలసిన పేరు చివరకు ఎందుకు పోతోంది? జీతం రాని విలేకరిని ఊళ్లో కాంట్రాక్టరు గుర్తుపడతాడు, ఎమ్మెల్యే గుర్తుపడతాడు. అతడి కిరాణా ఉద్దెర ఎవరు తీరుస్తారో ఆ మరుసటి వారం వార్తలో కనిపిస్తుంది. 1954లో ప్రెస్ కమిషన్‌కు అర్థమైన ఈ సంగతి ఇవాళ పాలకులకు అర్థం కావడం లేదు. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. 1955 చట్టం వాటిలో కలిసిపోయింది. వేతన మండలి అనే ఏర్పాటు వాటిలో లేదు. డెబ్బై ఏళ్ల కిందట చలపతిరావు తరం సాధించినదాని వెన్నెముక అది. దాన్ని తిరిగి సాధించడం ఈ తరం పని.

అదే కోడ్లలో మనకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటిని వదులుకోకూడదు. వేతనాల కోడ్ ప్రకారం జీతం ఎంతైనా, హోదా ఏదైనా, నెలజీతం మరుసటి నెల ఏడో తారీకులోగా ఇవ్వాలి. తొలగించినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా రెండు పనిదినాల్లో బకాయి తీర్చాలి. క్లెయిము వేయడానికి గడువు మూడేళ్లు. ఇదివరకు పన్నెండు నెలలే ఉండేది.

కనుక ఈ సభలో ఉన్న సంఘాల బాధ్యులకు నాదొక విన్నపం. వచ్చే నెలలోగా మీ కార్యాలయంలో ఒక పుస్తకం పెట్టండి. మూతపడిన పత్రికల వారివి, నడుస్తున్న పత్రికల వారివి, లైన్ అకౌంట్ కంట్రిబ్యూటర్లవి, ప్రెస్సు కార్మికులవి, అందరి పద్దులూ అందులో రాయించండి. నెల, పనిచేసిన రోజులు, ముట్టినది, రావలసినది. అపాయింట్‌మెంట్ ఉత్తర్వు, జీతం చీటీ, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు జత చేయించండి. మూడేళ్లు నిండకముందే సంఘం పేరు మీద క్లెయిములు వేయండి. పాత పుస్తకం ఒకటి తయారుగా ఉంది. ఆ ప్రూఫ్ రీడరు కుటుంబం అనుమతితో దాన్ని ఇవాళ మీ అధ్యక్షులకు అప్పగిస్తున్నాను. దాని చివరి పుటలో, నాలుగో గడిలో, ఎర్ర సిరాతో రాసిన మొత్తం ఇంకా రావలసే ఉంది.